ఆల్డ్‌వర్త్ బెల్ ఇన్‌లో ఏల్ అనే ఇంగ్లీషు బీరు తాగాను. చల్లగా లేదు, నురగ లేదు. ఇలాగే ఉండాలా?

రిడ్జ్‌వే_నడక, రెడింగ్

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం గోరింగ్ అండ్ స్ట్రీట్లీ స్టేషన్‌లో రైలు దిగి, థేమ్స్ వంతెన దాటి రిడ్జ్‌వే బాట పట్టాను. పైనంతా సుద్ద నేల. ముందు రోజు వాన పడినట్టుంది, బూట్లకు తెల్లటి బంకమట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుంది. బాట వదిలి పక్కకు తిరిగి ఆల్డ్‌వర్త్ అనే చిన్న ఊరు చేరేసరికి ఒంటిగంట అయింది. ఆకలి దంచేస్తోంది.

అక్కడ బెల్ ఇన్ అని పాత పబ్ ఉంది. లోపల అడుగుపెడితే మా అమ్మమ్మ గారి పెంకుటింటి వంటగది గుర్తొచ్చింది. కప్పు ఏళ్ళ తరబడి పొగచూరినట్టు పసుపుగోధుమ రంగులో ఉంది, నల్లటి దూలాలు, మధ్యలో కట్టెల పొయ్యి. మామూలు పబ్బుల్లో ఉండే పొడవాటి బార్ కౌంటర్ లేదు. గాజు పలకల చిన్న కిటికీ ఉంది, రైల్వే టికెట్ కిటికీలాగా. అక్కడ నిలబడి కావలసింది అడగాలి, గ్లాసు అందులోంచే అందిస్తారు. ఒక పాత గడియారం ఉంది, దానికి ఒకటే ముల్లు. టీవీ లేదు, పాటలు లేవు. జనం మాట్లాడుకుంటున్న చప్పుడు, పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్న చప్పుడు, అంతే.

హామ్ పెట్టిన గట్టి బన్ను ఒకటి, ఆర్కెల్స్ 3బి అనే ఏల్ ఒక పైంట్ తీసుకున్నాను. నా సందేహం ఇక్కడే. ఏల్ చల్లగా లేదు. పైన నురగ సన్నని పొరలా ఉంది, అదీ నేను కూర్చునేలోపే పోయింది. మొదటి గుక్కకి పాడైపోయిందేమో అనిపించింది. రెండో గుక్కకి కాల్చిన బిస్కెట్ లాంటి రుచి తగిలింది, చివర్లో చిన్న చేదు. సగం గ్లాసు అయ్యేసరికి వదలబుద్ధి కాలేదు. పక్కన కుక్కతో కూర్చున్న పెద్దాయనను అడుగుదామనుకుని మొహమాటపడ్డాను. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది ఇలాగే ఉండాలా?

ఫర్కిన్_తమ్ముడు, గ్లాస్టర్‌షైర్

అన్నా, పాడవలేదు. సరిగ్గా అలాగే ఉండాలి. నేను ఎంఎస్ చదువుతూ రెండేళ్ళు ఒక పల్లెటూరి పబ్‌లో పనిచేశాను. చివరి ఆరు నెలలు సెల్లార్, అంటే పీపాలు ఉంచే నేలమాళిగ, నా చేతిలోనే ఉండేది. కాబట్టి ఈ విషయం వివరంగా చెప్పగలను.

మనకు అలవాటైన బీరు కెగ్ అనే మూసేసిన లోహపు పీపాలో వస్తుంది. దాన్ని తయారైన చోటే వడగట్టి, చాలావరకు పాశ్చరైజ్ చేసి పంపిస్తారు. పబ్‌లో గ్యాస్ ఒత్తిడితో పైకి తోస్తారు, ఐసులా చల్లగా ఇస్తారు. మీరు తాగింది కాస్క్ ఏల్, అంటే పీపా ఏల్. దాన్ని వడగట్టరు. ఈస్ట్ ఇంకా బతికే ఉండగా పీపాలో పోసి పంపిస్తారు. ఆ పీపాలోనే రెండోసారి పులుస్తుంది. దానిలో ఉన్న బుడగలన్నీ ఆ ఈస్ట్ చేసినవే, బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. అందుకే బుడగ మెత్తగా ఉంటుంది, నాలుక మీద గుచ్చదు.

వెచ్చగా ఉంటుంది అనడం కూడా సరికాదు. సెల్లార్‌ను 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతాం. ఫ్రిజ్ నీళ్ళకీ కుండ నీళ్ళకీ తేడా తెలుసు కదా, ఇది కుండ నీళ్ళ చల్లదనం. ఇంకా చల్లబరిస్తే ఆ బిస్కెట్ రుచి నోటికి అందదు. గోరువెచ్చగా వస్తే మాత్రం తప్పు సెల్లార్‌దే, నిస్సంకోచంగా వెనక్కి ఇవ్వండి.

ఇక నా పేరులో ఉన్న ఫర్కిన్ అంటే చిన్న పీపా. 9 గ్యాలన్లు, అంటే దాదాపు 41 లీటర్లు, లెక్కకు 72 పైంట్లు. అడుగున మడ్డి పోగా అంతకంటే తక్కువే వస్తాయి. లారీ నుంచి దించాక దాన్ని చట్రం మీద పక్కకు పడుకోబెడతాం. ఇక కదపకూడదు. పైన ఉన్న బిరడాకు మధ్యలో మెత్తటి చెక్క మేకు దిగ్గొడతాం, మా దగ్గర వెదురు మేకు వాడేవాళ్ళం. కొట్టగానే బుస్సుమంటుంది. వెదురు నారల్లోంచి గాలి నెమ్మదిగా బయటికి వస్తూ మేకు నెత్తి మీద నురగ కడుతుంది. గుడ్డతో తుడిచి, మళ్ళీ ఎంతసేపటికి నురగ కడుతుందో చూడాలి. ఐదు సెకన్లలో కడితే లోపల ఇంకా జోరుగా ఉన్నట్టు. నెమ్మదించాక మెత్తటి మేకు తీసి గట్టి చెక్క మేకు పెట్టి గాలి ఆపేయాలి. ఆ తర్వాత కుళాయి. ముందుభాగంలో ఉన్న చెక్క మూత మీద కుళాయి ఆనించి చెక్క సుత్తితో ఒకే దెబ్బ కొట్టాలి. మొదటిసారి నేను భయపడి మెల్లగా కొట్టాను. కుళాయి సగమే దిగింది, చుట్టూ చిమ్మింది, మూడు నాలుగు లీటర్లు నేలపాలు. మా మేనేజర్ ఒక్క మాట అనలేదు. పక్క పీపా చూపించి సుత్తి మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

కుళాయి దిగాక ఏల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి వెళ్తుంది. మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. లేకపోతే మొదట చప్పబడి తర్వాత పుల్లబడి పాడవుతుంది. అందుకే మంచి కాస్క్ ఏల్ దొరకాలంటే తయారుచేసినవాళ్ళు ఒక్కరే బాగుంటే చాలదు, పబ్‌వాళ్ళు కూడా సగం పని చేయాలి.

పాలమూరు_ఈతచెట్టు, స్విండన్

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా నాయన గుర్తుకొచ్చాడు. ఆయన గీత కార్మికుడు. పొద్దున్నే మోకు వేసుకుని చెట్టెక్కేవాడు. దించినప్పుడు కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేసరికి పొంగుతుంది, సాయంత్రానికి పుల్లగా కొడుతుంది. ఏ పూటకి ఎట్లా ఉంటదో ఆయనకు చూడకుండానే తెలిసేది. లొట్టి మూతికి చెవి ఆనించి వినేవాడు. లోపల చిటచిటమని చప్పుడు వస్తది. ఆ చప్పుడును బట్టి ఇప్పుడు పోయాలా, ఇంకాసేపు ఆగాలా అని చెప్పేవాడు.

స్విండన్‌కి వచ్చిన కొత్తలో ఈ ఏల్ నాకూ నచ్చలేదు. ఆర్కెల్స్ వాళ్ళది మా ఊరే, 1843 నుంచి ఇక్కడే చేస్తున్నారు, అయినా ఏడాది పాటు దాని జోలికి పోలేదు. ఒకరోజు ఆఫీసులో పెద్దాయన ఒకరు, ఇది బతికున్న సరుకు, రెండు మూడు రోజులకు మించి ఉండదు అన్నాడు. ఆ మాటతో నాకు అర్థమైపోయింది. సీసా బీరుతో పోల్చడం మానేసి కల్లుతో పోల్చుకున్నా. అప్పటి నుంచి ఇష్టంగా తాగుతున్నా.

ఒక తేడా మాత్రం ఉంది. కల్లుకు మనం ఈస్ట్ కలపం, గాలిలో, లొట్టిలో ఉన్నదే పని చేస్తది. ఇక్కడ బార్లీ మాల్ట్‌ను వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తీపి నీళ్ళను హాప్స్ అనే చేదు పూలు వేసి కాచి, చల్లార్చి, అప్పుడు తమ ఈస్ట్ కలుపుతారు. మాల్ట్ అంటే మన రాగి మాల్ట్‌కు చేసినట్టే, గింజలు మొలకెత్తించి ఆరబెట్టడం. ఆరబెట్టేటప్పుడు ఎంత వేడి తగిలితే అంత రంగు.

కొబ్బరాకు, స్లావ్

నాది వేరే సందేహం. నేను శాకాహారిని. అప్పుడప్పుడు బీరు తాగుతాను. ఈ కాస్క్ ఏల్‌లో చేపకు సంబంధించింది కలుపుతారని మా కొలీగ్ అన్నాడు. నిజమేనా? నిజమైతే ఇన్నాళ్ళూ తెలియకుండా తాగానా అని రెండు రోజుల నుంచి మనసు మనసులో లేదు.

ఫర్కిన్_తమ్ముడు, గ్లాస్టర్‌షైర్

నిజమే అండీ, దాచి లాభం లేదు. ఐసిన్‌గ్లాస్ అంటారు. చేప పొట్టలో గాలితిత్తి ఉంటుంది కదా, దాన్ని ఎండబెట్టి తయారుచేస్తారు. పీపాలో కలిపితే తేలుతున్న ఈస్ట్‌ను పట్టుకుని అడుగుకు దించేస్తుంది, ఏల్ తేటపడుతుంది. చాలావరకు మడ్డితోపాటు అడుగునే ఉండిపోతుంది గానీ, శాకాహారికి ఆ మాట సరిపోదని నాకు తెలుసు.

ఇప్పుడు అది వాడకుండా చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలాంటి ఏల్ కొంచెం మబ్బుగా కనిపిస్తుంది, అది లోపం కాదు. పంపు మీద ఉన్న బిళ్ళపైన వీగన్ అని రాసి ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. రాసి లేకపోతే బార్‌లో అడగండి. ఈ ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఎవరూ వింతగా చూడరు.

కొబ్బరాకు, స్లావ్

థాంక్స్ తమ్ముడూ. తెలియక తాగినదాని గురించి బాధపడను. ఇకనుంచి అడిగి తాగుతాను.

చరిత్ర_పిచ్చి, ఆక్స్‌ఫర్డ్

బెల్ గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి నేనూ కూర్చుంటాను. నాకు ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఇష్టమైన పబ్ అదే.

ముందు బెల్ సంగతి. 250 ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం నడుపుతోంది. ఏ కంపెనీకీ అద్దె పబ్ కాదు, సొంతది. కాబట్టి ఎవరి ఏల్ అమ్మాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఆ కట్టడానికి చట్టపరమైన రక్షణ ఉంది. లోపలి గదులు పెద్దగా మారకుండా మిగిలిన పబ్బులకు ఒక జాతీయ జాబితా ఉంది, అందులోనూ బెల్ ఉంది. ఆ జాబితా చేసింది కామ్రా. మంచి ఏల్ కోసం పోరాడడానికి 1971లో నలుగురు కుర్రాళ్ళు పెట్టిన సంఘం అది. అప్పట్లో పెద్ద కంపెనీలన్నీ పీపా ఏల్ ఆపేసి కెగ్ బీరు తోసేస్తున్నాయి. అదే ఊపులో ఇంకో పదేళ్ళు గడిచుంటే, మీరు ఆదివారం తాగింది ఇవాళ ఎక్కడా దొరికేది కాదని నా నమ్మకం. ఆ కామ్రా ఇచ్చే దేశంలోకెల్లా ఉత్తమ పబ్ అవార్డు బెల్‌కు 1990లో వచ్చింది, మళ్ళీ 2019కి వచ్చింది. దాదాపు మూడు దశాబ్దాల తేడాతో రెండుసార్లు! ఏమీ మార్చనందుకు ఇచ్చిన అవార్డు అది అని నేను అనుకుంటాను.

మధ్యాహ్నం వెళ్ళేవాళ్ళు వేళలు చూసుకుని వెళ్ళండి. మధ్యాహ్నం కాసేపు మూసి మళ్ళీ సాయంత్రం తెరిచే పాత పద్ధతి అక్కడ ఉంది, సోమవారం సెలవు. ఈ మధ్యాహ్నపు మూత వెనుక పెద్ద కథే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు, 1915లో, మందుగుండు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు తాగి పనికి రాకూడదని ప్రభుత్వం పబ్ వేళలు కత్తిరించింది. యుద్ధం 1918లో ముగిసింది గానీ, మధ్యాహ్నం మూసేయాలన్న నిబంధన ఇంగ్లండ్‌లో 1988 వరకు పోలేదు. 70 ఏళ్ళకు పైగా! ఇప్పుడు రోజంతా తెరిచే హక్కు ఉన్నా కొన్ని పల్లె పబ్బులు ఆ లయలోనే నడుస్తున్నాయి.

ఇక ఏల్ అన్న మాట. 15వ శతాబ్దానికి ముందు ఇంగ్లండ్‌లో ఏల్‌లో హాప్స్ ఉండేవి కావు. తియ్యగా ఉండేది, తొందరగా పాడయ్యేది, ఎక్కువగా ఆడవాళ్ళే ఇంట్లో కాచి అమ్మేవాళ్ళు. కాచిన రోజు వాకిట్లో కర్రకు ఆకుల మండ కట్టి బయట పెట్టేవాళ్ళు. ఆ మండ కనిపిస్తే ఇవాళ ఇక్కడ ఏల్ ఉందని ఊరికి గుర్తు. పబ్బుల ముందు వేలాడే బొమ్మల పలకలకు మూలం అదే. హాప్స్ వేసిన బీరు సముద్రం అవతల నెదర్లాండ్స్ వైపు నుంచి వచ్చింది. ఆ చేదు వల్ల ఎక్కువ రోజులు నిలవుండేది, నెమ్మదిగా ఏల్‌లోనూ హాప్స్ చేరాయి. ఇప్పుడు ఏల్‌కీ, మనకు అలవాటైన లాగర్ బీరుకీ అసలు తేడా ఈస్ట్‌లో ఉంది. ఏల్ ఈస్ట్ కాస్త వెచ్చదనంలో, పైకి తేలుతూ, కొద్ది రోజుల్లో పని ముగిస్తుంది. లాగర్‌ది చలిలో వారాల పని.

గచ్చిబౌలి_నుంచి, హైదరాబాద్

మా దగ్గర మైక్రోబ్రూవరీలు వచ్చాయి కదా, అక్కడ ఇచ్చేది కూడా తాజా బీరే. దీనికీ దానికీ తేడా ఏంటి?

ఫర్కిన్_తమ్ముడు, గ్లాస్టర్‌షైర్

తాజా అన్నది నిజమే. కానీ అక్కడ ట్యాంకులోంచి గ్యాస్‌తో, బాగా చల్లగా వస్తుంది. పీపాలో రెండోసారి పులియడం ఉండదు. మన ఎండలకు 12 డిగ్రీల్లో పీపాను మూడు రోజులు కాపాడడం కూడా ఖర్చుతో కూడిన పని. రెండూ మంచివే, రకాలు వేరు.

వైజాగ్_టు_లీడ్స్

నురగ సంగతి ఒకటి కలుపుతాను. మా యార్క్‌షైర్‌లో పంపు మూతికి చిల్లుల బిళ్ళ తగిలిస్తారు. ఏల్ అందులోంచి దూరి వచ్చేసరికి మీగడలాంటి నురగ కడుతుంది. దక్షిణాన దాన్ని పెట్టరు. ఇక్కడివాళ్ళకు నురగ లేకుండా ఇస్తే మొహం మాడిపోతుంది, అక్కడివాళ్ళకు నురగ పెడితే పైంట్ తక్కువ పోశారంటారు. నాకైతే నురగ ఉండాలి.

చరిత్ర_పిచ్చి, ఆక్స్‌ఫర్డ్

ఆ బిళ్ళ వల్ల హాప్స్ వాసన అంతా నురగలోకి పోతుంది అండీ. గ్లాసులో చప్పిడి మిగులుతుంది. ఈ విషయంలో నేను మీతో ఏకీభవించలేను.

వైజాగ్_టు_లీడ్స్

లీడ్స్ రండి, నేనే పోయిస్తాను, తాగి చెప్పండి.

తెనాలి_అమ్మాయి, న్యూబరీ

నేను మద్యం ముట్టను. అయినా బెల్‌కి నాలుగుసార్లు వెళ్ళాను, ఎందుకో చెప్తాను.

పెళ్ళయి ఈ దేశం వచ్చిన కొత్తలో పబ్ అంటే మన బ్రాందీ షాపు లాంటిదే అనుకున్నాను. ఆయన రమ్మన్నా కారులోనే కూర్చునేదాన్ని. ఒక చలికాలం, ఆల్డ్‌వర్త్ చర్చిలో రాతి బొమ్మలు చూద్దామని వెళ్ళాం. సెయింట్ మేరీ చర్చి అది. డి లా బెష్ అనే కుటుంబానికి చెందిన యోధులవీ, ఆడవాళ్ళవీ తొమ్మిది రాతి శిల్పాలు ఉన్నాయి, 14వ శతాబ్దంవి. మామూలు మనుషులకంటే పెద్దవి, అందుకే ఆల్డ్‌వర్త్ జెయింట్స్ అంటారు. 17వ శతాబ్దపు ఇంగ్లండ్ అంతర్యుద్ధం కాలంలో చేతులూ ముక్కులూ విరగ్గొట్టేశారు. ఒక శిల్పం పక్కకు ఒరిగి మోచేతి మీద లేవబోతున్నట్టు ఉంటుంది. చర్చిలో చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. బయటికి వస్తే వెచ్చగా కూర్చోవడానికి ఊళ్ళో ఉన్నది ఆ పబ్ ఒక్కటే.

వెళ్ళాక చూస్తే పొయ్యి దగ్గర ఒకావిడ అల్లిక పని చేసుకుంటోంది. పక్క బల్ల మీద తాతా మనవడూ సూప్ తాగుతున్నారు. నేను సూప్, చీజ్ పెట్టిన బన్ను తీసుకున్నాను. ఏమీ తాగవా అని ఒక్కరూ అడగలేదు. ఒకావిడ మాత్రం నా చేతులు చూసి పొయ్యి దగ్గరికి జరగమని తన కుర్చీ ఇచ్చింది. మన ఊళ్ళో రచ్చబండ దగ్గర ఆడవాళ్ళకు చోటుండదు. ఇక్కడ నాకు చోటు దొరికింది. మన అమ్మాయిలు ఎవరైనా నాలాగే కారులో కూర్చుంటుంటే లోపలికి వెళ్ళండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రిడ్జ్‌వే_నడక, రెడింగ్

అక్కా, ఆ చర్చి చూడకుండా వచ్చేశాను! ఈసారి తప్పకుండా చూస్తాను. పబ్ ఎదురుగా కప్పు వేసిన పాత బావి ఒకటి ఉంది, అది మాత్రం చూశాను. సుద్ద కొండ మీద నీళ్ళు పడాలంటే ఎంత లోతు తవ్వి ఉంటారో.

పెద్దాయన_94, కోవెంట్రీ

అందరివీ చదివాను. సంతోషంగా ఉంది. ఒక విషయం నేను చెప్పకపోతే ఇది సగం కథే అవుతుంది.

నేను ఈ దేశం వచ్చింది 1994లో, ఆస్పత్రి ఉద్యోగానికి. మొదటి వారంలో డ్యూటీ దిగి, తోటి డాక్టర్‌తో కలిసి దగ్గర్లోని పల్లెటూరి పబ్‌కి వెళ్ళాను. తలుపు తీయగానే లోపల మాటలన్నీ ఆగిపోయాయి. అందరూ తలతిప్పి చూశారు. బార్ దగ్గర పావుగంట నిలబడ్డాను. నా తర్వాత వచ్చినవాళ్ళకు ముందు ఇచ్చారు. చివరికి ఇచ్చిన పైంట్ వెనిగర్‌లా ఉంది. అలాగే ఉంటుందేమో అనుకుని, అవమానం మింగినట్టే అదీ మింగాను. ఎనిమిదేళ్ళు మళ్ళీ పల్లె పబ్ గడప తొక్కలేదు. ఆ పబ్ పేరు చెప్పను, ఇప్పుడు మనుషులు మారారు.

ఎనిమిదేళ్ళ తర్వాత, నా పేషెంట్ ఒకాయన, రైతు, పట్టుబట్టి తన ఊరి పబ్‌కి తీసుకెళ్ళాడు. ఆయన వెళ్ళగానే బెంచీ మీద పడుకున్న తన స్నేహితుడి కుక్కను ఎత్తి కింద దించి, అక్కడి వెంట్రుకలు తన టోపీతో దులిపి, కూర్చోండి డాక్టర్ అన్నాడు. టోపీతో దులపడం ఇప్పటికీ కళ్ళముందు ఉంది. ఆ రోజు తాగిన మైల్డ్ ఏల్, నల్లగా, పెద్దగా చేదు లేకుండా, బెల్లం పాకం వాసనతో ఉంది. ఏల్ అంటే ఏంటో నాకు ఆ రోజు తెలిసింది.

ఇవాళ పరిస్థితి చాలా మారింది. మీ తరానికి అలాంటి అనుభవం ఎదురవకపోతే అంతకంటే కావలసింది లేదు. ఎదురైతే మాత్రం నాలాగా ఎనిమిదేళ్ళు పోగొట్టుకోకండి, పక్క ఊరి పబ్‌కి వెళ్ళండి. ఏల్ పుల్లగా ఉంటే రెండు గుక్కలు తాగగానే మర్యాదగా తిరిగి ఇవ్వండి. మంచి పబ్‌లో గొడవ ఉండదు, వాసన చూసి మార్చి ఇస్తారు.

ఫర్కిన్_తమ్ముడు, గ్లాస్టర్‌షైర్

సార్, ఇది రాసినందుకు థాంక్స్. నేను పనిచేసిన చోట ఎవరైనా గ్లాసు తిరిగిచ్చారంటే సెల్లార్‌కి అదే మొదటి సమాచారం. పీపా అయిపోవచ్చిందని మాకు ముందు తెలిసేది అలాగే. ఎప్పుడూ మొహమాటపడకండి.

కొబ్బరాకు, స్లావ్

మరి ఇంత బాగుంటే పల్లెల్లో పబ్బులు ఎందుకు మూతపడుతున్నాయి? మేం వారాంతాల్లో తిరిగే దారుల్లో ఏటా ఒకటో రెండో తలుపులకు చెక్కలు కొట్టేసి కనిపిస్తున్నాయి.

చరిత్ర_పిచ్చి, ఆక్స్‌ఫర్డ్

కారణాలు చాలా ఉన్నాయి. సూపర్ మార్కెట్ డబ్బా బీరు చవక, పొలాల్లో కూలీలు లేరు, తాగి కారు నడపకూడదన్న చట్టం గట్టిది. చివరిది ఉండాల్సిందే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నాకు బాధ కలిగించేది యాజమాన్యం సంగతి. ఒకప్పుడు పబ్బులు ఎక్కువగా బీరు కంపెనీల సొంతం. 2000 కంటే ఎక్కువ పబ్బులున్న కంపెనీలు వాటిలో కొన్నిటిని వదులుకోవాలని 1989లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే, చిన్నవాళ్ళ ఏల్‌కి చోటు దొరకాలని. కానీ ఆ పబ్బులను కొనుక్కున్నది ఎక్కువగా పబ్బుల మీదే వ్యాపారం చేసే కొత్త కంపెనీలు. వాళ్ళకు అవి ముందు స్థలాలు, తర్వాతే పబ్బులు. అద్దె కట్టాలి, పైగా వాళ్ళు చెప్పిన ధరకే బీరు కొనాలి. నడిపేవాళ్ళకు ఏం మిగులుతుంది?

ఊళ్ళు కూడా ఊరుకోలేదు. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే ఊళ్ళో ఓల్డ్ క్రౌన్ పబ్‌ను 2003లో జనమే సహకార సంఘంగా ఏర్పడి కొనుక్కున్నారు, బ్రిటన్‌లో అలా కొన్న మొదటి పబ్ అదే. 2011 నాటి చట్టం ప్రకారం పబ్‌ను ఊరి ఉమ్మడి ఆస్తిగా నమోదు చేయించుకుంటే, అమ్మకానికి పెట్టినప్పుడు డబ్బు కూడగట్టుకోవడానికి ఊరికి ఆరు నెలల గడువు దొరుకుతుంది. బెల్‌లాగా సొంతిల్లు అయి, అదే కుటుంబం నిలబెట్టుకున్నవి చాలా తక్కువ. అందుకే వెళ్ళండి అంటాను. మీరు కొన్న ఒక్క పైంట్, ఒక్క సూప్ కూడా దాన్ని నిలబెడుతుంది.

పాలమూరు_ఈతచెట్టు, స్విండన్

ఫర్కిన్ తమ్ముడూ, ఒక సాయం అడగాలి. నువ్వు పనిచేసిన పబ్ సెల్లార్ ఒకసారి చూడొచ్చా? నువ్వు చెప్పిన ఆ మేకు చప్పుడు వినాలని ఉంది.

ఫర్కిన్_తమ్ముడు, గ్లాస్టర్‌షైర్

తప్పకుండా అన్నా. మా మేనేజర్‌ను అడిగాను, గురువారం పీపాలు వస్తాయి, మధ్యాహ్నం రమ్మంది. స్వెటర్ వేసుకురా.

పాలమూరు_ఈతచెట్టు, స్విండన్

నిన్న వెళ్ళొచ్చా. ఏం జరిగిందో రాస్తున్నా.

సెల్లార్ మెట్లు దిగగానే వాసన తెలిసింది. పులిసిన వాసనే, కానీ శుభ్రమైన వాసన. నేలంతా కడిగి ఉంది. నాలుగు పీపాలు వరసగా పడుకుని ఉన్నాయి. ఆమె ఒకదానికి వెదురు మేకు కొట్టింది. బుస్సుమన్నది, నురగ పొంగింది, గుడ్డతో తుడిచింది. నేను వంగి చెవి పెట్టాను. అదే చిటచిట. లొట్టిలో విన్నదే.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చి నాయనకు వాట్సాప్ కాల్ చేశా. ఆయనకిప్పుడు 71 ఏళ్ళు, చెట్టెక్కడం మానేసి చాన్నాళ్ళయింది. చూపు తగ్గింది కానీ చెవులు బాగా పనిచేస్తాయి. ఏమీ చెప్పకుండా ఫోన్‌ను మేకు దగ్గర పెట్టా. కాసేపు మాట లేదు. తర్వాత అడిగిండు, "ఇది ఏ చెట్టుదిరా?" అని. చెట్టుది కాదు నాయనా, గింజలది, ఇక్కడివాళ్ళ కల్లు అనుకో అన్నా. మళ్ళీ ఒకసారి పెట్టమన్నాడు. విని, "ఇంకా కాలేదు. ఒక పూట ఆగాలె" అన్నాడు.

ఆ మాట ఇంగ్లీషులో ఆమెకు చెప్పా. ఆమె మేకు నెత్తి తుడిచి, చేతి గడియారం చూస్తూ నురగ కట్టేదాకా నిలబడింది. రేపు పొద్దుటిదాకా దాన్ని ముట్టుకోనని, మీ నాన్న చెప్పింది సరేనని అంది. ఆయనకు అది తెలుగులో చెప్తే, "గుడ్డ తడిది పెట్టుకొమ్మను, పొడిది ఉంటే పీపా మురికవుతది" అన్నాడు.

ఫర్కిన్_తమ్ముడు, గ్లాస్టర్‌షైర్

అన్నా, ఇవాళ పొద్దున ఆమె మెసేజ్ పెట్టింది. పీపా తొమ్మిదింటికి నెమ్మదించిందట, గట్టి మేకు పెట్టేసిందట. సాయంత్రం కుళాయి దించుతుంది. నాన్నగారికి చెప్పమంది.

తెనాలి_అమ్మాయి, న్యూబరీ

ఆఫీసులో కూర్చుని చదివాను, కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. మీ నాన్నగారికి మా నమస్కారాలు చెప్పండి అన్నయ్యా.

రిడ్జ్‌వే_నడక, రెడింగ్

నేను వేసిన చిన్న ప్రశ్న ఇంత దూరం వెళ్తుందనుకోలేదు. వచ్చే శనివారం మళ్ళీ ఆల్డ్‌వర్త్ వెళ్తున్నాను. ముందు చర్చి, తర్వాత బెల్. వచ్చేవాళ్ళు పదిన్నరకల్లా గోరింగ్ స్టేషన్ బయట ఉండండి, నడిచే వెళ్దాం, కార్లు వద్దు. కొబ్బరాకు గారూ, అక్కడ ఏ ఏల్‌లో ఐసిన్‌గ్లాస్ లేదో మీ తరఫున నేనే అడుగుతాను. గట్టి బూట్లు వేసుకురండి, ఆ సుద్ద మట్టి బాగా జారుతుంది.